ముగింపు ముందే తెలిసిపోయే ప్రేమకథలు: ఎందుకు చూస్తున్నాం, ఎక్కడ విసుగొస్తోంది?

#1 సెకండాఫ్ సుందరం

సినిమా పేరు చెప్పను. చెబితే ఇది రెండో పేజీకల్లా ఫ్యాన్ వార్ అయిపోయి అసలు విషయం గాలికి పోతుంది. చూసినవాళ్లకి ఎలాగూ అర్థమవుతుంది. చూడనివాళ్లకి పేరుతో పనిలేదు, ఎందుకంటే ఈ కథ మీరు ఇప్పటికే చాలాసార్లు చూసేశారు. కాలేజీలో ప్రేమించుకుని విడిపోయిన ఇద్దరు ఎనిమిదేళ్ల తర్వాత ఫ్రెండ్ పెళ్లిలో కలుస్తారు. ఆమెకి ఇంకొకతనితో నిశ్చితార్థం అయిపోయింది, ఇతను నెలలో విదేశం వెళ్లిపోతున్నాడు. ఇక్కడిదాకా చదివితే మిగతాది మీరే చెప్పేయగలరు. నేనూ చెప్పాను. తండ్రికి గుండెపోటు వస్తుందన్నాను, వచ్చింది. హీరోయిన్ తలుపు చాటు నుంచి సగం మాట విని అపార్థం చేసుకుంటుందన్నాను, చేసుకుంది.

అయినా సినిమా నచ్చింది, అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. ఒక సీన్ చెప్తాను. పెళ్లి హడావుడి అయ్యాక ఇద్దరూ ఒకే లిఫ్ట్ ఎక్కుతారు. తలుపు మూసుకుంటుంది. ఎవరూ బటన్ నొక్కరు. ఆమె నొక్కిందని అతను అనుకున్నాడో, అతను నొక్కాడని ఆమె అనుకుందో, లేక ఇద్దరికీ తెలిసే ఊరుకున్నారో మనకి చెప్పరు. లిఫ్ట్ కదలదు. లోపల చిన్న ఫ్యాన్ తిరిగే చప్పుడు, ఆమె చేతిలో బొకే చుట్టిన కాగితం నలిగే చప్పుడు, అంతే. కాసేపటికి పైఅంతస్తులో ఎవరో నొక్కితే లిఫ్ట్ దానంతటదే కదులుతుంది, ఇద్దరూ ఉలిక్కిపడతారు. చివరికి వీళ్లు కలుస్తారని నాకు మొదటి పది నిమిషాల్లోనే తెలుసు, అయినా ఆ లిఫ్ట్‌లో ఉన్నంతసేపు ఊపిరాడలేదు.

సరిగ్గా తర్వాతి సీన్‌లో ఫ్రెండ్ క్యారెక్టర్ వచ్చి "మీ ఇద్దరి మధ్య ఇంకా ఏదో ఉందిరా" అంటాడు. చాలా థాంక్స్ బాబూ, మాకు తెలియదు మరి.

ఒకే సినిమాలో అదీ ఉంది, ఇదీ ఉంది. ఊహించగలగడమే ఇలాంటి సినిమాల లోపం అంటారు కదా అందరూ. నిజంగా లోపం అదేనా?

#2 బాల్కనీ బాబ్జీ

పేరు చెప్పకపోయినా దొరికిపోయింది బ్రో. లిఫ్ట్ సీన్ బాగుంది, కాదనను. కానీ రెండున్నర గంటల్లో నిమిషంన్నర బాగుంటే దానికి ఇంత పోస్టా?

తెలిసిన కథ చెప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తెలిసిన కథని ఎవరికీ తెలియనట్టు బిల్డప్ ఇస్తేనే ఒళ్లు మండుతుంది. ఇంటర్వెల్ గుర్తుందా? అతను విదేశం వెళ్లిపోతున్నాడని ఆమెకి తెలుస్తుంది. అంతే జరిగింది. మనకి టైటిల్స్ అయిపోగానే తెలిసిన ముక్క అది. దానికి ఆర్‌ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) చూడాలి, భూమి బద్దలైనట్టు వయొలిన్లు, గాజు గ్లాసు స్లోమోషన్‌లో కిందపడటం, కళ్ల మీద క్లోజప్, మళ్లీ గ్లాసు, మళ్లీ కళ్లు. ఆ గ్లాసు పగలడానికి పట్టిన టైంలో నేను బయటికెళ్లి వచ్చేయొచ్చు.

#3 మధుర_వి

బాబ్జీ గారూ, మీరు నచ్చిన సినిమాలు మళ్లీ చూడరా? రెండోసారి చూసేటప్పుడు ముగింపే కాదు, డైలాగులతో సహా తెలుసు. అయినా నవ్వొచ్చే చోట నవ్వొస్తుంది, ఏడుపొచ్చే చోట ఏడుపొస్తుంది. ముగింపు తెలియడమే సినిమాని చంపేస్తే రెండోసారి ఎవరూ ఏ సినిమా చూడకూడదు.

నేనైతే ఇలాంటి సినిమాకి వెళ్లేదే వాళ్లు కలుస్తారన్న భరోసాతో. ఆఫీసులో రోజంతా టెన్షన్ పడి వచ్చాక, చివర్లో హీరోయిన్ చచ్చిపోతుందేమో అని మళ్లీ అక్కడ కూడా టెన్షన్ పడే ఓపిక లేదండీ. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. థ్రిల్లర్ అభిమానులు మాత్రం డిటెక్టివ్ హంతకుడిని పట్టుకోడేమో అని నిజంగా భయపడుతున్నారా ఏంటి? వాళ్లకి లేని ఎగతాళి మాకే ఎందుకు?

#4 బాల్కనీ బాబ్జీ

రెండోసారి చూసేది మొదటిసారి నచ్చిన సినిమానే కదా మేడం. ఇక్కడ మొదటిసారి చూస్తుంటేనే రెండోసారి చూస్తున్నట్టుంది. తేడా అదీ.

#5 క్లైమాక్స్_ఎందుకు

దీని మీద ఒక పరిశోధన ఉంది. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలు తీసుకుని, కొంతమందికి ముగింపు ముందే చెప్పి, కొంతమందికి చెప్పకుండా చదివించారు. 2011లో అచ్చయింది. ముగింపు తెలిసి చదివినవాళ్లే సగటున కథని ఎక్కువ మెచ్చుకున్నారు. అందులో మలుపు మీదే ఆధారపడ్డ కథలు, మిస్టరీ కథలు కూడా ఉన్నాయి. కాబట్టి సస్పెన్స్ పోతే అంతా పోయినట్టే అనేది మనం పెట్టుకున్న నమ్మకం మాత్రమే.

ఇంకో ఉదాహరణ టైటానిక్ (1997). ఆ ఓడ 1912లోనే మునిగింది, టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. హీరోయిన్ రోజ్ ముసలామెగా మొదట్లోనే కనిపించి కథ చెప్తుంది కాబట్టి ఆమె బతికిందనీ తెలుసు. అది చాలదన్నట్టు ఓడ ఎలా విరిగి ఎలా మునిగిందో కంప్యూటర్ బొమ్మలో ముందే పూసగుచ్చినట్టు చూపించేస్తారు. దాచుకోవడానికి ఏమీ మిగల్చకుండా మొదలుపెట్టిన సినిమా అది. జనం ఎలా చూశారో మీకు తెలుసు.

#6 కట్‌పాయింట్

నేను ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను, ఏ సినిమాలకో అడక్కండి. పైన చెప్పిన పరిశోధన గురించి ఒక మాట. అది చిన్న కథల మీద చేసింది, సినిమాల మీద కాదు. పైగా 2015లో జాన్సన్, రోజెన్‌బామ్ అనే ఇంకో ఇద్దరు అలాంటి ప్రయోగమే చేస్తే ముందే చెప్పడం వల్ల ఆనందం తగ్గుతుందని తేలింది. కాబట్టి దాన్ని చూపించి గెలిచేశాం అనుకోవద్దు.

టైటానిక్ ముక్క మాత్రం బలమైనది, మీరు చెప్పినదానికన్నా ఎక్కువే. ఆ కంప్యూటర్ బొమ్మ ఎందుకు పెట్టారో ఆలోచించండి. ముందు భాగం మునుగుతుంది, వెనక భాగం పైకి లేస్తుంది, మధ్యలో విరుగుతుంది అని మనకి ముందే నేర్పేశారు. అందుకే చివరి గంటలో ఓడ ముందు భాగం కిందికి దిగుతుంటే ఎవరూ వివరించక్కర్లేదు, వీళ్లకి ఇంకా ఎంత టైం ఉందో మనమే లెక్కేసుకుంటూ కూర్చుంటాం. ముందే చెప్పేసిన విషయాన్ని మళ్లీ పనికి పెట్టారు, వృథా చేయలేదు.

సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ చెప్పిన బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. టేబుల్ కింద బాంబు ఉందని చెప్పకుండా పేలిస్తే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల షాక్. ముందే చూపించి, అక్కడ కూర్చున్నవాళ్లని పిచ్చాపాటీ మాట్లాడుకోనిస్తే పదిహేను నిమిషాల టెన్షన్. లిఫ్ట్ సీన్ పనిచేసింది కూడా అందుకే. వీళ్లకి ఇంకా ఇష్టం ఉందని మనకి తెలుసు, ఎవరు ముందు బయటపడతారో తెలియదు. గ్లాసు పగిలిన సీన్‌లో మనకి తెలిసినదాన్నే పెద్ద వార్తలా చెప్పారు, ఆ తెలిసినదాంతో చేసిన పనేమీ లేదు.

ఇంకోటి, లిఫ్ట్‌లో మీరు విన్న కాగితం చప్పుడు షూటింగ్‌లో దొరికే రకం కాదు. తర్వాత ఫోలీ రూంలో (ఇలాంటి చప్పుళ్లు విడిగా రికార్డు చేసే గది) ఎవరో కూర్చుని కాగితం నలిపి ఉంటారు. ఆ సీన్‌కి ఆర్‌ఆర్ వేయకుండా ఆపడానికి ఎడిటింగ్ రూంలో ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించగలను. మౌనం కనిపిస్తే చాలు, లాగ్ అనిపిస్తుంది సార్, ఏదో ఒకటి వేయండి అనేవాళ్లు ప్రతి సినిమాకీ నలుగురుంటారు.

#7 సెకండాఫ్ సుందరం

చూశారా, నాకు అర్థంకానిది ఇదే. లిఫ్ట్ సీన్‌కి మ్యూజిక్ వద్దని పట్టుబట్టిన మనిషే గ్లాసు సీన్‌కి అన్ని వయొలిన్లు ఎలా ఒప్పుకున్నాడు?

#8 కట్‌పాయింట్

ఇంటర్వెల్ అండి. ఇంటర్వెల్‌కి అందరూ భయపడతారు. జనం బయటికెళ్లి ఏం మాట్లాడుకుంటారో అని. అక్కడ డైరెక్టర్ ఒక్కడి మాట చెల్లదు.

#9 నీలిమ_రాతలు

అందరూ ముగింపు చుట్టూనే తిరుగుతున్నారు. నాకు ముగింపుతో ఏ పేచీ లేదు. ఈ రకం సినిమాలో ఇద్దరూ కలుస్తారని మనకి తెలియడం ఒప్పందంలో భాగం. కానీ పాత్రలకి కూడా తెలిసిపోయినట్టు నడుచుకుంటే ఇక సినిమా లేనట్టే. లిఫ్ట్‌లో ఉన్న ఇద్దరికీ రేపు ఏమవుతుందో తెలియదు, మొహాల్లో కనిపిస్తుంది. సెకండాఫ్‌లో అదే అమ్మాయి, రచయిత వచ్చి కాపాడతాడని తెలిసినదానిలా నిబ్బరంగా ఉంటుంది. వారంలో పెళ్లి పెట్టుకుని, పాత ప్రేమికుడితో ఊళ్లు తిరుగుతుంది, ఇంట్లో ఎవరూ ఎక్కడికని అడగరు, ఆమె కూడా ఎవరికీ అబద్ధం చెప్పదు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే రానివ్వలేదు. అంటే ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు. పోయేది ఏమీ లేనప్పుడు మనకెందుకు దిగులు?

దీన్ని మించిన ఘోరం కాబోయే పెళ్లికొడుకు పాత్ర. ఫస్టాఫ్‌లో అతను మంచివాడు. ఆమె ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే తన ఫోన్ తీసిచ్చి, ఆమె మాట్లాడుకుంటుంటే వినిపించకూడదని నాలుగడుగులు దూరం జరుగుతాడు. ఎవరూ దాని గురించి మాట్లాడరు, కెమెరా కూడా ఆగదు. అలాంటి చిన్న పనితో మనిషిని పరిచయం చేయడం చేతకానివాళ్ల పని కాదు, రాసినవాళ్లకి పనితనం ఉంది. అలాంటివాడు సెకండాఫ్‌లో ఉన్నట్టుండి రెస్టారెంట్‌లో వెయిటర్ మీద అరుస్తాడు. ఎందుకు? ఆమె ఇతన్ని వదిలేస్తే మనకి పాపం అనిపించకూడదని. ఒక్క సీన్‌తో మనిషిని చెడ్డవాడిని చేసి మన మనసుకి సెలవిచ్చేశారు. నాకు ఆ సీన్ చూసి కోపం వచ్చింది, పెళ్లికొడుకు మీద కాదు.

#10 మధుర_వి

అయ్యో, ఆ ఫోన్ ఇచ్చే సీన్ నేను గమనించనే లేదు! మీరు చెప్తే గుర్తొచ్చింది. నిజమే, అతను వెనక్కి జరుగుతాడు.

#11 పాతరీలు

అందరికీ నమస్కారం. వయసులో పెద్దవాణ్ణి, కాస్త పాత సంగతులు చెప్తాను, ఓపిక పట్టండి.

ప్రేమకథకి ప్రాణం అడ్డంకిలో ఉంటుంది. అడ్డంకి గట్టిదైతే ముగింపు ముందే తెలిసినా పర్వాలేదు. 1978లో బాలచందర్ తీసిన మరోచరిత్ర చూడండి. భాష వేరు, ఇళ్లు పక్కపక్కనే, పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఇంతవరకు మామూలే. కానీ ఆయన పెట్టిన షరతేమిటి, ఏడాదిపాటు ఒకరినొకరు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఆ తర్వాతా ఇష్టం ఉంటే పెళ్లి చేస్తాం అని. పిల్లలిద్దరూ దానికి తామే ఒప్పుకుంటారు. అప్పటినుంచి అడ్డంకి బయటివాళ్ల చేతిలో లేదు, వాళ్లిచ్చిన మాటలో ఉంది. ఒక్క మాట మాట్లాడితే సమస్య తీరిపోతుంది, కానీ మాట్లాడకపోవడమే ప్రేమకి రుజువు. ఎంత బిగువుందో చూడండి. ఇప్పటి సినిమాల్లో తలుపు చాటు నుంచి సగం విని, మిగతా సగం అడక్కుండా వెళ్లిపోతారు. అక్కడ కూడా ఒక్క మాటతో తీరిపోతుంది, ఎందుకు మాట్లాడరంటే సినిమా ఇంకో గంట ఉంది కాబట్టి.

1989లో వచ్చిన గీతాంజలి ఇంకో దారి. ఇద్దరికీ జబ్బే, ఇద్దరూ ఎక్కువ రోజులు బతకరని మధ్యలోనే మనకి తేలిపోతుంది. ఇక ఊహించడానికేముంది, ఏడుపే కదా అనుకుంటాం. మణిరత్నం చావు చూపించకుండానే సినిమా ముగించేశారు. మనం ఊహించింది తప్పు కాలేదు, కానీ మనం భయపడిన సీన్ రానేలేదు.

ఇంకొక్క మాట. మళ్లీ రామాయణం ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే అని విశ్వనాథ సత్యనారాయణ గారు కల్పవృక్షం మొదట్లోనే జవాబు చెప్పుకున్నారు, ఎవరి అనుభూతి వాళ్లదని. కథ పాతదే కావచ్చు, మరి ఈ దర్శకుడి అనుభూతి ఎక్కడుంది అని మాత్రం అడిగే హక్కు మనకుంది.

#12 బాల్కనీ బాబ్జీ

పెద్దాయనకి దండం. సగం విని వెళ్లిపోవడం గురించి మీరు రాసింది ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. అసలు ఆ సీన్‌లో అతను అన్నదేంటి? "ఆమె నా జీవితంలోకి రాకపోయుంటే బాగుండేది" అని, గ్యాప్ ఇచ్చి, "రాకపోయుంటే ఇప్పుడు ఇంత బాధ ఉండేది కాదు" అంటాడు. ఆ గ్యాప్‌లో ఆమె ఏడుస్తూ వెళ్లిపోయింది. అంత గ్యాప్ ఇచ్చి మాట్లాడే మనిషిని నేను బయట ఎక్కడా చూడలేదు, బస్సు కండక్టర్ కూడా ఇంకా తొందరగా చిల్లరిస్తాడు.

#13 రీరికార్డింగ్_రాజా

కొత్త మెంబర్‌ని. నటన గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఇలాంటి కథలో నటులే సగం సినిమా. డైలాగ్ ఎలాగూ ముందే తెలిసిపోతుంది కాబట్టి, చెప్పేవాళ్లు దాన్ని ఎలా పలుకుతారా అనే చూస్తాం. "ఎలా ఉన్నావ్" అని అతను అడిగినప్పుడు ఆమె "బాగున్నా" అనేలోపు ఎడమ చేతి ఉంగరాన్ని బొటనవేలితో లోపలికి తిప్పేస్తుంది, రాయి కనిపించకుండా. నిశ్చితార్థం సంగతి అతనికి అప్పటికింకా తెలియదు. ఆ ఒక్క కదలికలో ఆమె ఏం దాచాలనుకుంటోందో తెలిసిపోయింది. హీరో మాత్రం బాధ అంటే గడ్డం పెంచి దూరంగా చూడటం అనుకున్నాడు. లిఫ్ట్‌లో బాగా చేశాడు, ఎందుకంటే అక్కడ ఏమీ చేయకుండా నిలబడ్డాడు.

#14 క్లైమాక్స్_ఎందుకు

రోమన్ హాలిడే (1953) చివరి సీన్ గుర్తొచ్చింది. అదీ ఊహించగలిగే కథే, కాకపోతే తిరగేసి. రాకుమారి తిరిగి వెళ్లిపోక తప్పదని మనకి మొదటినుంచీ తెలుసు. చివర్లో ప్రెస్‌మీట్, చుట్టూ విలేకర్లు, ఏ నగరం మీకు బాగా నచ్చిందని ఒకరు అడుగుతారు. ఆమె ముందు ఏ నగరానికి ఆ ప్రత్యేకత అన్నట్టు ప్రోటోకాల్ జవాబు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, రోమ్ అనేస్తుంది. ప్రేమ అనే మాటే లేదు, అందరి ఎదుటా చెప్పేసింది, విలేకర్లలో నిలబడ్డ హీరోకే పూర్తిగా అర్థమవుతుంది. మన సినిమాలో ఫ్రెండ్ వచ్చి "మీ ఇద్దరి మధ్య ఇంకా ఏదో ఉందిరా" అనే బదులు ఇలాంటిదొకటి రాసుకోవచ్చుగా.

#15 సెకండాఫ్ సుందరం

ఫ్రెండ్ క్యారెక్టర్ పనే అది కదా. ప్రేక్షకుడికి అర్థం కాలేదేమో అన్న భయానికి మనిషి రూపం ఇస్తే ఆ ఫ్రెండ్ అవుతాడు. సినిమా మొత్తంలో అతనికి ఒక్క సొంత సమస్య లేదు. అసలు పెళ్లి అతనిదే! తన పెళ్లి రోజున కూడా వీళ్లిద్దరి గురించే మాట్లాడతాడు. పెళ్లికూతురు ఏమైందో ఎవరికీ తెలియదు.

#16 మధుర_వి

పెళ్లికూతురు ఏమైందో ఎవరికీ తెలియదు!! నవ్వలేక చచ్చాను.

సరే, నేను ఇష్టపడే వైపు నుంచి ఒక ఫిర్యాదు. హీరోయిన్ ఆర్కిటెక్ట్ అని చెప్తారు. టేబుల్ మీద చుట్టిన డ్రాయింగులు ఉంటాయి. ఒక్కసారి కూడా వాటిని విప్పదు. ఆమె పని ఎక్కడా కథలోకి రాదు. అతను విదేశం వెళ్తే ఆమె ఉద్యోగం సంగతేంటి అనే ప్రశ్న ఎవరికీ రాదు. చివర్లో "నేనూ నీతో వస్తాను" అంటుంది, అంతే. నాకు కలిసే ముగింపు కావాలి, సందేహమే లేదు, కానీ ఆమె అలా ఒక్క వాక్యంలో అన్నీ వదిలేసి వస్తే సంతోషం సగమే దొరుకుతుంది. అతను ప్రయాణం మానుకోవచ్చు. లేదా ఇద్దరూ కూర్చుని ఒక పది నిమిషాలు పోట్లాడుకోవచ్చు. ఆ పోట్లాట నేను హాయిగా చూసేదాన్ని.

#17 నీలిమ_రాతలు

మధుర గారు చెప్పింది చాలా ముఖ్యమైన పాయింట్. వెన్ హ్యారీ మెట్ శాలీ (1989) అందుకే ఇన్నేళ్లయినా నిలబడింది. పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది వాళ్లు కలుస్తారని. అందులో విలన్ లేడు, గుండెపోటు లేదు, కాబోయే పెళ్లికొడుకూ లేడు. ఆడా మగా స్నేహితులుగా ఉండగలరా అన్న వాదన, వాళ్ల సొంత మొండితనం, అంతే అడ్డం. పన్నెండేళ్లు పట్టింది వాళ్లు కలవడానికి, అందులో కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటూనే ఉంటారు. ఇక్కడ మనవాళ్లు ఎనిమిదేళ్లు మాట్లాడుకోలేదు, కలిశాక కూడా మాట్లాడుకోలేదు, సెకండాఫ్‌లో మాట్లాడుకోవాల్సిన టైం వచ్చేసరికి మాంటేజ్ సాంగ్ వేసేశారు. పాటలో వాళ్లు నవ్వుకుంటూ ఏదో మాట్లాడుకుంటుంటారు, ఆ మాటలు మనకి వినపడవు. ప్రేమ పుట్టే చోటే సౌండ్ ఆపేశారు!

#18 కట్‌పాయింట్

మాంటేజ్ సాంగ్ సంగతి నన్ను అడగండి. ఒక్కోసారి అక్కడ నాలుగు సీన్లు షూట్ చేసి ఉంటారు. నిడివి ఎక్కువైంది అనగానే వాటిని ముక్కలు చేసి పాట కింద పరిచేస్తాం. తండ్రి గుండెపోటుని ఎవరూ కట్ చేయరు, దాన్ని పీకేస్తే తర్వాత సీన్లు నిలబడవు కదా. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ పీకేస్తే ఏమీ కూలదు. అందుకే పోయేది ఎప్పుడూ అదే. ఈ సినిమాలోనూ అలాగే జరిగిందని చెప్పట్లేదు, నాకు తెలియదు. కానీ ఇద్దరి బట్టలూ పాట మధ్యలో మారినా మళ్లీ పాత బట్టల్లోకి వస్తారు చూడండి, అలాంటివి కనిపిస్తే నాకు అనుమానమే.

#19 మోడరేటర్

రెండు పోస్టులు తీసేశాను. హీరో పేరు, హీరోయిన్ వ్యక్తిగత విషయాలు ఇక్కడ వద్దు. సినిమా గురించే మాట్లాడండి.

#20 రీరికార్డింగ్_రాజా

ఎయిర్‌పోర్ట్ సీన్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అంటాను, నాకు నచ్చింది. పరిగెట్టడం వరకు పాతదే, ఈసారి అమ్మాయి పరిగెత్తింది, అది కూడా పెద్ద విశేషం కాదు. కానీ ఆమె చేరేసరికి అతను హీరోలాగా గాజు తలుపు అవతల మాయమైపోతూ లేడు. ఫ్లైట్ నాలుగు గంటలు లేటు. బయట కుర్చీలో కూర్చుని, బ్యాగ్ మీద కాళ్లు చాపుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆమె అంత ఆయాసపడి వచ్చి, లేపాలా వద్దా అని పక్కన కూర్చుంటుంది. థియేటర్ మొత్తం నవ్వింది, అదే టైంలో పక్కనావిడ కళ్లు తుడుచుకుంది. ముగింపు అందరూ అనుకున్నదే, అక్కడికి చేరిన తీరు ఎవరూ అనుకోలేదు.

#21 బాల్కనీ బాబ్జీ

అది బాగుంది. ఆ నిద్ర మాత్రం సహజ నటన. నేనూ అప్పటికి అదే స్థితిలో ఉన్నా. తర్వాత లేచి మళ్లీ రెండు పేజీల డైలాగ్ చెప్పాడు కదా, "ఎనిమిదేళ్లుగా ప్రతి ఉదయం" అంటూ. నిద్ర లేచిన మనిషి ముందు మొహం తుడుచుకుంటాడు బ్రో.

#22 పాతరీలు

డైలాగ్ లేకుండా ఉండాల్సింది, నిజమే. నా లెక్కలో ఈ సినిమాకి మూడు మంచి సీన్లున్నాయి. లిఫ్ట్, ఫోన్ ఇవ్వడం, ఎయిర్‌పోర్ట్ నిద్ర. మూడింట్లోనూ ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు నోరు విప్పరు. విప్పిన చోటల్లా చెడింది. మాటల రచయిత విడిగా ఉన్నాడేమో టైటిల్స్‌లో చూడాలి.

#23 క్లైమాక్స్_ఎందుకు

నీలిమ గారూ, మీరు వెయిటర్ సీన్ మీద అంత కోపంగా ఉన్నారు కదా, మీరైతే ఏం చేసేవారు? ఊరికే అడుగుతున్నా, ఎగతాళి కాదు.

#24 నీలిమ_రాతలు

ఆ సీన్ పూర్తిగా తీసేస్తాను. అతన్ని చివరిదాకా మంచివాడిగానే ఉంచుతాను. పెళ్లికి రెండు రోజుల ముందు ఆమె అతని దగ్గరికి వెళ్లి చెప్పాలి. ఆఫీసులాంటి, అతను అరవడానికి వీల్లేని చోట కాదు, అరవడానికి వీలున్న చోటే, ఎవరూ లేని పార్కింగ్‌లో. అతను అరవడు. "ఎప్పటినుంచి?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. దానికి ఆమె దగ్గర మంచి జవాబు ఉండకూడదు. ఎనిమిదేళ్లుగా అని చెబితే ఇన్నాళ్లూ అతన్ని మోసం చేసినట్టు, మొన్నటినుంచి అని చెబితే మొన్న పుట్టినదాని కోసం పెళ్లి ఆపేస్తున్నట్టు. అక్కడినుంచి ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తితే ఆ పరుగుకి బరువుంటుంది. కలుస్తారని మనకి తెలుసు, అయినా కలిసినప్పుడు పూర్తిగా సంతోషపడలేం, ఒకతను అక్కడ పార్కింగ్‌లో ఉన్నాడని గుర్తుంటుంది.

#25 మధుర_వి

నాకు పూర్తిగా సంతోషపడాలని ఉంటుందండీ. కానీ ఈ సినిమా వస్తే మాత్రం చూస్తాను, తిట్టుకుంటూ చూస్తాను.

#26 సెకండాఫ్ సుందరం

ఒక్క డౌట్ నీలిమ గారూ. అతను చివరిదాకా మంచివాడే అయితే, ఉద్యోగం మంచిదే, ఇంట్లోవాళ్లకి ఇష్టమే, ఆమెని గౌరవిస్తాడు కూడా. మరి ఆమె ఈ పెళ్లి మానుకోవడానికి కారణమేంటి?

#27 నీలిమ_రాతలు

అదే కదా సుందరం గారూ. ఆ కారణం రాయడం కష్టమనే వాళ్లు వెయిటర్ మీద అరిపించారు.

#28 బాల్కనీ బాబ్జీ

ఎవరి గోల వారిదే గానీ ఆ వెయిటర్‌కి మాత్రం అన్యాయం జరిగింది. క్లైమాక్స్‌లో అందరూ అందరికీ సారీ చెప్పుకున్నారు, అతనికి ఎవరూ చెప్పలేదు.